టచ్ అయిందని చేయెత్తిన పిల్లాడిని తిట్టాను. ఆటల పీరియడ్‌లో మనం నేర్పేది ఏంటి?

మట్టికోర్టు (నల్గొండ జిల్లా):

అందరికీ నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని, అంటే ఆటల సారును. ఊరు, బడి పేరు అడగొద్దు. పది రోజులుగా ఒక విషయం గొంతులో ముల్లులా ఉంది.

మండల స్థాయి ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీలు, అండర్-14 బాలుర కబడ్డీ సెమీస్. స్కోరు సమం. ఆఖరి రెయిడ్ అవతలి వాళ్లది. వాళ్ల రెయిడర్ మా కుడి కార్నర్ వైపు కాలు విసిరి వెనక్కి వెళ్లిపోయాడు. అంపైర్ ఖాళీ రెయిడ్ అన్నాడు. హమ్మయ్య అనుకునేలోపు మా కార్నర్ పిల్లాడు చేయెత్తాడు. "సార్, నాకు బొటనవేలు తగిలింది" అని తనంతట తానే గీత దాటి బయటికి నడిచాడు. ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం.

నేనేమన్నానో తెలుసా? "ఎవడడిగిండ్రా నిన్ను?" అన్నా. అందరి ముందూ అన్నా.

వాడు ఎనిమిదో తరగతి. అమ్మానాన్నలు పనికి పోయారు, నాయనమ్మ దగ్గర ఉంటాడు. మారు మాట్లాడలేదు. జెర్సీ విప్పి, మడతపెట్టి, సంచిలో పెట్టాడు. తిరుగు ప్రయాణంలో ఆటోలో వాడి పక్కన ఎవరూ కూర్చోలేదు. సోమవారం గ్రౌండుకు వచ్చాడు కానీ వేపచెట్టు కిందే ఉండిపోయాడు.

మా బడి గోడ మీద "క్రీడలు క్రమశిక్షణకు పునాది" అని రాసి ఉంది. రాయించింది నేనే. ఇప్పుడు ఆ గోడ వైపు చూడబుద్ధి కావడం లేదు. ఆటలతో మంచి గుణాలు వస్తాయని మనం అంటుంటాం కదా, అది నిజమేనా? నిజమైతే ఎట్లా నేర్పాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

లెక్కలసారు (మహబూబ్‌నగర్):

సార్, మీరు ఒప్పుకున్నారు, నేనూ ఒకటి ఒప్పుకుంటా. మా బడిలో దసరా తర్వాత పదో తరగతికి ఆటల పీరియడ్ ఉండదు. టైంటేబుల్లో ఉంటుంది, నేను తీసుకుంటా. పీఈటీ సార్‌ను అడగను కూడా అడగను. ఎదురుగా ఉన్నవాడు ఏమీ అనడని తెలిస్తే వాడి వాటా లాక్కోవచ్చు అని పిల్లలు నా దగ్గర నేర్చుకుంటున్నారేమో.

అయితే మీ ప్రశ్నకు నా జవాబు "కాదు" అనే. ఆటలతోనే గుణం వచ్చేటట్టయితే పెద్ద ఆటగాళ్లంతా మహాత్ములు కావాలి. 2018 మార్చిలో కేప్‌టౌన్ టెస్టులో ఆస్ట్రేలియా వాళ్లు సాండ్‌పేపర్‌తో బంతి గీకలేదా? స్మిత్, వార్నర్‌లకు ఏడాది నిషేధం పడింది. చిన్నప్పటి నుంచీ గ్రౌండులోనే పెరిగినవాళ్లు కదా వాళ్లు!

రిటైర్డ్_పీడీ:

మట్టికోర్టు తమ్ముడూ, ముందు ఆ పిల్లాడిని పిలిచి భుజం తట్టు. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

లెక్కల సార్ ఒక టెస్టు చెప్పారు, నేనొకటి చెబుతా. 1980 ఫిబ్రవరి, బొంబాయిలో గోల్డెన్ జూబిలీ టెస్టు. ఇంగ్లండ్ 58 పరుగులకే 5 వికెట్లు పోగొట్టుకుంది. బాబ్ టేలర్ అవుటని అంపైర్ వేలెత్తాడు. మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్, బంతి బ్యాటుకు తగల్లేదని తెలిసి, టేలర్‌ను వెనక్కి పిలిపించాడు. టేలర్, బోథమ్ కలిసి 171 పరుగులు జోడించారు. మనం 10 వికెట్లతో ఓడిపోయాం. మా కాలేజీ రోజుల్లో దాని మీద ఎన్ని వాదనలో! సగం మంది విశ్వనాథ్‌ను తిట్టారు. కానీ ఇన్నేళ్ల తర్వాత ఆ టెస్టు గురించి ఎవరు ఏం గుర్తు చేసుకుంటున్నారో చూడండి.

ఇక నేర్పడం అంటారా, నా పద్ధతి ఒక్కటే. విజిల్ అంటే విజిల్. లేటుగా వస్తే నాలుగు రౌండ్లు, అబద్ధమాడితే పది రౌండ్లు. నా చేతికింద పెరిగినవాళ్లలో ఎంతమంది పోలీసులు, జవాన్లు అయ్యారో లెక్కే లేదు.

గద్వాల_అమ్మ:

పీడీ సార్, మీ మీద గౌరవంతోనే చెబుతున్నా. మా పాపకు పరుగంటే అసహ్యం. ఎందుకంటే వాళ్ల బడిలో పరుగు శిక్ష. హోంవర్క్ చేయకపోతే రౌండ్లు, జడ వేసుకోకపోతే రౌండ్లు. తప్పు చేస్తే లెక్కలు చేయించరు కదా, "నాలుగు ఎక్కాలు రాయి" అని గ్రౌండులో కూర్చోబెట్టరు కదా. మరి పరుగును ఎందుకు శిక్ష చేశారు? మీ చేతికింద పోలీసులైనవాళ్లు మీకు కనబడతారు. రౌండ్లకు భయపడి ఆటల రోజు బడి ఎగ్గొట్టినవాళ్లు కనబడరు.

ఇంకొకటి. ఎనిమిదో తరగతి దాటిన ఆడపిల్లలకు గ్రౌండులో మిగిలేది ఒక మూల, ఒక టెన్నికాయిట్ రింగు. మిగతా నేలంతా మగపిల్లల క్రికెట్టుదే. రోజూ అది చూస్తూ పెరిగిన పిల్లాడు ఏం నేర్చుకుంటాడు? నేల తనదే అని. ఏం పాఠం చెప్పకుండానే నేర్చుకుంటాడు.

రిటైర్డ్_పీడీ:

అమ్మా, ఆ చివరి మాట గట్టిగా తగిలింది. రౌండ్ల గురించి ఆలోచిస్తా. ముప్పై ఏళ్ల అలవాటు, ఒక్క రాత్రిలో ఒప్పుకోమంటే కష్టం.

ఎంపీఈడీ_తమ్ముడు (వనపర్తి):

నేను ఇంకా వ్యాయామ విద్యలో పీజీ చదువుకుంటున్నా, పెద్దవాళ్ల మధ్య మాట్లాడుతున్నందుకు క్షమించండి. లెక్కల సార్ అడిగిన దాని మీద నిజంగానే పరిశోధనలు జరిగాయి. అమెరికాలో షీల్డ్స్, బ్రెడెమీర్ అని ఇద్దరు ఉన్నారు. బయట న్యాయంగా ఆలోచించే ఆటగాడే బరిలోకి దిగగానే కొంచెం స్వార్థంగా ఆలోచించడం వాళ్లు గమనించారు. "ఆట కదా, ఇక్కడ చెల్లుతుంది" అని మనసులో ఒక గీత గీసుకుంటాడన్నమాట. మట్టికోర్టు సార్, మీరు మామూలుగా అబద్ధం చెప్పమని పిల్లలకు చెప్పరు. బరి పక్కన నిలబడ్డప్పుడు మాత్రం "ఎవడడిగిండ్రా" అని వచ్చేసింది. ఇది మీ ఒక్కరి జబ్బు కాదు సార్.

అందుకే ఆట ఆడిస్తే చాలు, గుణం దానంతటదే వస్తుంది అనేది తప్పు. ఆటలో గుణానికి ఒక చోటు ప్రత్యేకంగా పెట్టాలి. అమెరికాలోనే డాన్ హెలిసన్ అనే ప్రొఫెసర్ 1970ల నుంచి, దారి తప్పే ప్రమాదం ఉన్న పిల్లలతో పనిచేసి ఒక పద్ధతి తయారు చేశారు. అందులో ఐదు మెట్లు. ఎదుటివాడి హక్కునూ మనసునూ గౌరవించడం మొదటిది. చేతనైనా కాకున్నా ప్రయత్నం మానకపోవడం రెండోది. సార్ చూడకపోయినా తన పని తాను చేసుకోవడం మూడోది. పక్కవాడికి సాయపడటం, వాడిని ముందు నడిపించడం నాలుగోది. ఇవన్నీ గ్రౌండు దాటి ఇంటికీ వీధికీ తీసుకుపోవడం ఐదోది. అసలు కిటుకు ఆ చివరిదాంట్లోనే ఉంది.

చేసే తీరు సులభం. పీరియడ్ మొదట్లో రెండు మాటలు, "ఈ రోజు మూడో మెట్టు చూద్దాం" అని. తర్వాత ఆట. చివర్లో ఐదు నిమిషాలు గుండ్రంగా కూర్చోబెట్టి ఆట ఎట్లా నడిచిందో వాళ్లతోనే మాట్లాడించడం. ఆఖర్న ప్రతివాడూ తన గురించి తానే బొటనవేలు చూపిస్తాడు. బాగా చేశాననుకుంటే పైకి, ఫర్వాలేదనుకుంటే పక్కకి, లేదంటే కిందికి. మార్కులు లేవు, తిట్లు లేవు. మీ వాడికి బొటనవేలే తగిలింది కదా, రాస్తుంటే అదే గుర్తొచ్చింది.

మట్టికోర్టు:

తమ్ముడూ, చదువుతుంటే బాగుంది. కానీ నా దగ్గర ఒక తరగతికి 58 మంది, పీరియడ్ 40 నిమిషాలు. వాలీబాల్స్ రెండు, అందులో ఒకదానికి గాలి నిలవదు. క్లాసు నుంచి గ్రౌండుకు వచ్చి వరస కట్టేసరికే 8 నిమిషాలు పోతాయి. గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడిస్తుంటే హెడ్‌మాస్టర్ కిటికీలోంచి చూసి "ఏంది సారూ, ముచ్చట్లా?" అంటాడు.

ఎంపీఈడీ_తమ్ముడు:

ముచ్చట్లే అని చెప్పండి సార్.

లెక్కలసారు:

వసతుల మాట వచ్చింది కాబట్టి అందరూ ఒకసారి చదవాల్సిన కాగితం ఉంది. విద్యాహక్కు చట్టం 2009 షెడ్యూల్. బడికి ఆటస్థలం ఉండాలి, ప్రతి తరగతికీ ఆట సామాను ఇవ్వాలి అని అందులో ఉంది. 6 నుంచి 8 తరగతుల్లో 100 మంది దాటితే ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని కూడా ఉంది. బంతి కోసం అడిగేటప్పుడు బతిమాలుతున్నట్టు అడగక్కర్లేదు. ఆ కాగితం చూపించి అడగండి. ఇది నేను లెక్కల పీరియడ్ కోసం గ్రౌండు దొంగిలించేవాడిగా చెబుతున్న మాట, కొంచెం బరువిచ్చి వినండి.

మునుగోడు_మాస్టారు:

58 మందికి రెండు బంతులంటే నాకొకటి తోచింది. అందరూ ఒకేసారి ఆడాల్సిన పనే లేదు.

మాది ఫ్లోరైడ్ నేల. నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు, మా పాత బోర్లలో ఎంత ఉండేదో చెబితే భయపడతారు. ఇప్పుడు నల్లా నీళ్లు వస్తున్నాయి, అది వేరే కథ. పదేళ్ల కిందట నా తరగతిలో ఒక పిల్లవాడికి ఆ నీళ్ల వల్లే మోకాళ్లు లోపలికి వంగి ఉండేవి. పరుగెత్తలేడు, గొంతుక్కూర్చుని లేవలేడు. ఆటల పీరియడ్‌లో మిగతావాళ్ల చెప్పులకు, సంచులకు కాపలా వాడి పని. సంవత్సరం మొత్తం నేనూ అది తప్పనుకోలేదు, పాపం కూర్చున్నాడులే అనుకున్నా.

ఒక రోజు ఖోఖో ఆడిస్తుంటే గొడవైంది, ఎవరు ముందు "ఖో" అన్నారని. వాడు అక్కడి నుంచే "సార్, మూడో గడిలోవాడు ఖో వినకుండానే లేచిండు" అన్నాడు. కరెక్టే. ఎందుకంటే ఆట మొత్తం శ్రద్ధగా చూసేది వాడొక్కడే! మర్నాటి నుంచి విజిల్ వాడికిచ్చా. మొదట్లో ఎవడూ లెక్కచేయలేదు. నేను మాత్రం వాడు అవుటంటే అవుటే అన్నా, తప్పయినా సరే. నెల తిరిగేసరికి వేరే తరగతివాళ్లు కూడా "అంపైర్‌గా పంపండి సార్" అని అడగడం మొదలుపెట్టారు.

అట్లాగే జట్టుకు ఒక స్కోరరు, ఒక అంపైరు, సామాను చూసేవాడు, గీతలు గీసేవాడు అని పెడితే 58 మందిలో ఎవడూ ఖాళీగా ఉండడు. వారం వారం పనులు మార్చాలి. బాగా ఆడేవాడు తప్పనిసరిగా ఒక వారం సున్నం గీతలు గీయాలి, అది ముఖ్యం.

ఎంపీఈడీ_తమ్ముడు:

మాస్టారూ, మీరు సొంతంగా కనిపెట్టిన దాన్నే డారిల్ సీడెన్‌టాప్ అనే ఆయన పెద్ద పద్ధతిగా తీర్చిదిద్దారు. సీజన్ మొత్తం అవే జట్లు, ప్రతి పిల్లాడికీ ఒక బాధ్యత, చివర్లో పండగలాంటి ఫైనల్. మా సిలబస్‌లో ఉంది. మునుగోడు పేరు లేదు, అంతే తేడా.

ఆఖరోణ్ణి (నకిరేకల్, ఇప్పుడు హైదరాబాద్‌లో డ్రైవర్):

నేను సార్‌ను కాను. చదువు పదో తరగతి. చదువుతుంటే రాయాలనిపించింది.

కెప్టెన్లు ఇద్దరు నిలబడి ఒక్కొక్కణ్ణి పిలుచుకుంటారు కదా. నేను ఎప్పుడూ ఆఖరోణ్ణే. అదైనా మేలు. కొన్నిసార్లు "వాడు మాకొద్దు, మీరే తీసుకోండి, కావాలంటే ఒక పాయింటు ముందే ఇస్తం" అనేవాళ్లు. ఐదేళ్లు అదే. ఆ మాట ఇప్పటికీ కలలో వస్తది. సార్ అక్కడే ఉండేవారు, నవ్వేవారు.

కానీ ఊళ్లో మా వాడకట్టులో ఆడుకుంటే అట్లా ఉండేది కాదు. అక్కడ ఉద్దులు. సమానంగా ఆడే ఇద్దరు జతకట్టి, దూరం పోయి, చెవిలో పేర్లు పెట్టుకుని భుజాల మీద చేతులేసుకుని వచ్చేవాళ్లు. "నీకు సూర్యుడు కావాల్నా, చంద్రుడు కావాల్నా?" అని అడిగేవాళ్లు. కెప్టెన్ ఒక పేరు చెప్తే ఆ పేరోడు ఆ జట్టు, మిగిలినోడు ఇవతలి జట్టు. ఎవ్వడూ ఆఖరోడు కాదు, జట్లు కూడా సమానం. చిర్రగోనె, ఏడుపెంకులాట, ఏదైనా ఇంతే. అది మాకు ఏ సారూ నేర్పలే. బడికొచ్చినంక ఆ పద్ధతి ఎందుకు పోయిందో తెలియదు.

గద్వాల_అమ్మ:

తమ్ముడూ, ఈ మొత్తం చర్చలో నాకు బాగా పనికొచ్చింది నీ మాటే. ఉద్దులు! మేమూ ఆడుకున్నాం, పూర్తిగా మరిచిపోయాం.

రిటైర్డ్_పీడీ:

నేను కూడా నవ్వేవాడినే.

కొల్లాపూర్_కుర్రాడు:

నేను అల్టిమేట్ ఫ్రిస్బీ ఆడతా. ఎగిరే పళ్లెం ఆట అని మా అమ్మ అంటుంది. దీంట్లో రిఫరీ ఉండడు. ఫౌల్ అయితే ఆడేవాళ్లే చెప్పాలి, ఎదుటివాడు ఒప్పుకోవాలి, లేదంటే మాట్లాడుకుని తేల్చుకోవాలి. ఆట అయ్యాక రెండు జట్లూ ఒకరికొకరు "స్పిరిట్" మార్కులు వేసుకుంటారు. రూల్స్ తెలుసా, ఒంటి మీద పడ్డారా, న్యాయంగా ఉన్నారా, కోపం అదుపులో ఉందా, బాగా మాట్లాడారా, ఈ ఐదింటికి 0 నుంచి 4 వరకు. మామూలుగా బాగుంటే 2. టోర్నీలో కప్పుతో పాటు స్పిరిట్‌కు కూడా ప్రైజ్ ఉంటుంది.

మొదటి రోజు నాకు నవ్వొచ్చింది, అందరూ అబద్ధాలే చెప్తారనుకున్నా. చెప్పడం కష్టం సార్, ఎందుకంటే ఎదుటివాడు మన మొహంలోకి చూస్తూ "నిజంగానా?" అని అడుగుతాడు. అంపైర్ ఉంటే వాణ్ణి మోసం చేస్తాం. లేకపోతే మోసం చేయాల్సింది ఎదురుగా ఉన్న మనిషినే.

లెక్కలసారు:

కుర్రాడా, ఆ చివరి రెండు వాక్యాలు నా క్లాసులో బోర్డు మీద రాస్తా. పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌కు కూడా వర్తిస్తుంది.

పేరొద్దు:

మీరంతా పిల్లల క్యారెక్టర్ గురించి మాట్లాడుతున్నారు. మా దగ్గర అండర్-14 టీంలో మీసాలు గీసుకుని వచ్చినవాళ్లు ఆడారు. డేట్ ఆఫ్ బర్త్ మార్చిన బోనఫైడ్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టింది పెద్దవాళ్లే. ఆ బడి పేరు చెప్తా వినండి

నిర్వాహకులు:

పేర్లు వద్దు. బడి పేరు ఉన్న మిగతా భాగం తొలగించాం. విషయం మీద మాట్లాడండి.

పేరొద్దు:

సరే, పేరు లేకుండానే. ఆ పదహారేళ్లవాడు మా పన్నెండేళ్లవాణ్ణి ఎత్తి పడేస్తే కాలర్ బోన్ విరిగింది. ఇప్పుడు చెప్పండి, మట్టికోర్టు సార్ పిల్లాడు చేయెత్తి ఏం సాధించాడు? వాడి టీం ఇంటికి పోయింది. దొంగ సర్టిఫికెట్ టీం జిల్లాకు పోయింది.

మట్టికోర్టు:

దీనికి నా దగ్గర జవాబు లేదు అన్నా. మీ పిల్లాడికి ఎముక సరిగ్గా అతుక్కుందా?

పేరొద్దు:

అతుక్కుంది. కబడ్డీ మానేశాడు.

భువనగిరి_నాన్న:

ఆట అంటే గెలుపోటములే అనుకుంటున్నాం కాబట్టే ఇదంతా. మా భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ నేర్పిస్తారు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట శిక్షణ తీసుకుంది ఇక్కడే. పూర్ణకు అప్పుడు 13 ఏళ్లు. గురుకుల పిల్లలు వాళ్లిద్దరూ.

మా వాడిని ఒక వారాంతం పంపా. పైకి ఎక్కేవాడి తాడు కింద ఇంకొకడు పట్టుకుంటాడు. పైవాడు జారితే ఆపాల్సింది కిందివాడే. మా వాడికి ఇంట్లో చెంబు ఇచ్చినా పడేస్తాడు. అక్కడ ఇరవై నిమిషాలు తల తిప్పకుండా తాడు పట్టుకుని నిలబడ్డాడు. తాడు పట్టుకున్నవాడికి మార్కులు లేవు, ఫొటో కూడా రాలేదు. ఇంటికొచ్చాక మాత్రం "నాన్నా, వాడు జారిండు, నేను ఆపిన" అని మూడుసార్లు చెప్పాడు. ప్రతి బడికీ గుట్ట ఉండదు, నిజమే. కానీ ఒకడి బరువు ఇంకొకడి చేతిలో ఉండే ఆట ఏదో ఒకటి ఉంటుంది కదా. పిరమిడ్లు కట్టించడం ఉంది, కళ్లకు గంతలు కట్టి నడిపించడం ఉంది.

మట్టికోర్టు (మూడు వారాల తర్వాత):

అందరికీ కృతజ్ఞతలు. ఏం జరిగిందో చెబుతా, అంతా బాగైపోయిందని మాత్రం అనుకోకండి.

పీడీ సార్ చెప్పినట్టు ముందు పిల్లాడి దగ్గరికి పోయా. ఒంటరిగా పిలిచి సారీ చెప్పా. వాడు నేల చూస్తూ "ఫర్వాలేదు సార్" అన్నాడు. ఆ రాత్రి ఆలోచిస్తే అనిపించింది, తిట్టింది అందరి ముందు, సారీ చాటుగా చెప్పడమేంటి? మర్నాడు టీం మొత్తాన్ని కూర్చోబెట్టి మళ్లీ చెప్పా. "ఆ రోజు వీడు చేసింది రైటు, నేనన్నది తప్పు" అన్నా. ఎవడూ మాట్లాడలేదు. మా రెయిడర్ ఒకడు మాత్రం, "మరి ఓడిపోయినం కద సార్" అన్నాడు. అవును ఓడిపోయాం అన్నా. అంతకంటే ఏం చెప్పాలో తెలియలేదు.

ఉద్దులు మొదలుపెట్టా. పిల్లలకు తెగ నచ్చింది, పేర్లు పెట్టుకోవడానికే పది నిమిషాలు తీసుకుంటున్నారు. నిన్న ఒక జత బస్సుల పేర్లు పెట్టుకుని "ఆర్టీసీ, సెట్విన్" అని వచ్చింది. విజిల్ వంతులవారీగా తిప్పుతున్నా. సోమవారం, గురువారం గ్రౌండు మొత్తం ఆడపిల్లలది. మొదటి వారం మగపిల్లలు గోడ మీద కూర్చుని అరిచారు, రెండో వారం స్కోరు రాస్తామని వాళ్లే వచ్చారు. పత్తి ఏరడం మొదలైంది కాబట్టి హాజరు సగమే. ముప్పై మందితో గుండ్రంగా కూర్చోవడం తేలికైంది, అదొక్కటే లాభం. బొటనవేలు చూపించమంటే మొదటి రోజు అందరూ పైకే చూపించారు. నాలుగో రోజు ఒకమ్మాయి కిందికి చూపించింది, "నేను ఈ రోజు ఎవ్వరికీ బాల్ పాస్ చేయలే" అంది.

రౌండ్లు మానేశా. లేటుగా వచ్చేవాళ్లు పెరిగారు, అది దాచిపెట్టను.

ఆ పిల్లాడి సంగతి. మూడు వారాలుగా వాడు చేయెత్తడం లేదు. తగిలిందని నాకు కనబడుతూనే ఉంటుంది, వాడు నా వైపు చూసి ఊరుకుంటున్నాడు. శుక్రవారం విజిల్ వంతు వాడిది. వాళ్ల సెక్షన్‌కూ పక్క సెక్షన్‌కూ మ్యాచ్. ఆఖర్లో వాళ్ల సెక్షన్ రెయిడరే ఎవరినీ టచ్ చేయకుండానే కోర్టు పక్క అంచున ఉండే లాబీలో కాలు పెట్టాడు. ఇంకెవరూ చూడలేదు. వాడు ఊదాడు, అవుటన్నాడు. సొంత సెక్షన్ వాళ్లంతా మీదపడి అరుస్తున్నారు. వాడు విజిల్ నోట్లోనే పెట్టుకుని నా వైపు చూశాడు. నేను ఏమీ అనలేదు, పుస్తకంలో పాయింటు రాశా.

రిటైర్డ్_పీడీ:

తమ్ముడూ, ఆ బొటనవేళ్ల పద్ధతి, పనుల పట్టిక ఒక కాగితం మీద రాసి, ఫొటో తీసి ఇక్కడ పెట్టు. మా మనవడి బడిలో పీఈటీ అమ్మాయికి ఇస్తా.

మట్టికోర్టు:

రేపు పెడతా అన్నా. ఇప్పుడు సున్నం కలపాలి, నిన్నటి వానకు గీతలన్నీ పోయాయి.